మా అత్త పీట, పన్నెండు మాటలు

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను గూడూరులో మా బ్యాంకు కౌంటరు పక్కన నిలబడి ఒక పెద్దాయనకు ఫోనులో పిన్ పెట్టుకోవడం నేర్పిస్తున్నాను. "ఈ నంబరు ఎవరికీ చెప్పొద్దు తాతా, ఇంట్లోవాళ్ళకు కూడా" అని అప్పుడే అన్నాను. ఫోను మోగింది. నెల్లూరు ఆసుపత్రిలో అత్త దగ్గర కూర్చుని ఉన్న బూబమ్మ, మార్కెట్లో అత్త పక్కన నిమ్మకాయలు అమ్మే ఆమె. "పాపా, మీ అత్త ఎళ్ళిపోయినాది" అంది. తర్వాత ఫోను పెట్టెయ్యడం మర్చిపోయింది. అవతల ఎవరో నర్సు ఎవరినో కేకేయడం, మంచం చక్రాల చప్పుడు వినపడుతూనే ఉన్నాయి. పెద్దాయన నా ముఖం చూసి, "పిన్ను రేపు పెట్టుకుంటాలేమ్మా, నువ్వు పో" అన్నాడు.

నెల్లూరు బస్సులో ఏడుస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ ఏడుపులో కొంత పన్నెండు మాటల కోసం. ఆ మాటలు అత్తకు తప్ప లోకంలో ఎవరికీ తెలియవని అప్పటికి నా నమ్మకం. అవి లేకపోతే మా అమ్మాయి కాలేజీ ఫీజుకని కొన్నేళ్ళుగా కొంచెం కొంచెంగా కొని దాచిన క్రిప్టో నాణేలు ఇక నా చేతికి రావు. కన్నతల్లిలా పెంచిన మనిషి పోయిన రోజున మనసులో ఇలాంటి లెక్క తిరిగినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ మాటలు అత్త దగ్గరికి ఎలా చేరాయో, ఆమె వాటిని ఏం చేసిందో చెబితే ఆమె ఎలాంటి మనిషో మీకు తెలుస్తుంది.

గూడూరు చేపల మార్కెట్లో ఆడవాళ్ళు కూర్చునే వరసలో మొదటి పీట మా అత్తది. మా పాలెం సముద్రం ఒడ్డున ఉంది. పొద్దున్నే పడవలు రాగానే ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, తట్టలు షేరాటోలో వేసుకుని గూడూరు వచ్చేది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాన్న వేటకు పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. పిల్లలు లేని అత్త, మొగుడు పోయిన అత్త, నన్ను తన వెనకాలే వేసుకుని తిరిగింది. ఆ తట్ట మీదే నేను డిగ్రీ దాకా చదివాను. నా పుస్తకం ముట్టుకోవాల్సి వస్తే ముందు బూబమ్మ దగ్గర పిండేసిన నిమ్మచెక్క తీసుకుని చేతులు గట్టిగా రుద్దుకునేది. తర్వాత రోజుల్లో ఫోను ముట్టుకునే ముందు కూడా అదే పని. నేను కొనిచ్చిన ఫోనుకు ఎప్పుడూ నిమ్మకాయ వాసనే వచ్చేది.

ఆ వరసకు ఒక పద్ధతి ఉంది. ఎవరి చోటు వాళ్ళదే, అత్త తర్వాత కోడలిది, తల్లి తర్వాత కూతురిది. ఒకామె టీకో, మందుల షాపుకో లేచి వెళితే పక్కామె ఆమె చేపలు కూడా అమ్మి పెట్టాలి. ముందు ఆమెవి అమ్మాకే తనవి అమ్ముకోవాలి. ఎవరైనా పోతే ఆమె తట్టను పీట మీద బోర్లించి పెడతారు. ఆమె మనుషుల్లో ఒకరు వచ్చి, ఆ పీట మీద కూర్చుని ఒక్క బేరమైనా చేసి లేచేదాకా అక్కడ ఇంకొకరు కూర్చోరు. చిన్నప్పటి నుంచి ఇదంతా చూస్తూనే ఉన్నాను. చూడటమే తప్ప, ఉద్యోగం వచ్చాక నేను ఆ వరసలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎప్పుడు వెళ్ళినా హ్యాండ్‌బ్యాగు గుండెకు ఆనించుకుని, చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, తడి లేని చోటు వెతుక్కుని నిలబడేదాన్ని. అత్త పీట మీద ఒక పక్కకు జరిగి, పక్కన అరచేత్తో తట్టి, "కూసో పాపా, రెండు నిమిషాలు" అనేది. "ఆఫీసు టైమైంది అత్తా" అనేదాన్ని. సెలవు రోజున కూడా అదే మాట అన్నానని ఒకసారి బూబమ్మ పట్టుకుంది.

అత్తకు బ్యాంకంటే గౌరవం. నా చిన్నప్పుడు బ్యాంకుకు పోవాలంటే ముందు రోజే తలంటు పోసుకుని, పెట్టె అడుగున ఉన్న ఆకుపచ్చ పట్టుచీర తీసేది. ఏడాదికి పెళ్ళిళ్ళు రెండు వస్తే బ్యాంకు పనులు నాలుగు వచ్చేవి, కాబట్టి ఆ చీర ఎక్కువగా చూసింది బ్యాంకునే. పాసుబుక్కు మిషనులోకి పోయి కరకరమని అచ్చు పడి వచ్చేదాకా కౌంటరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడేది. నాకు అలాంటి బ్యాంకులో ఉద్యోగం రావాలని ఆమె ఎవరికి మొక్కుకుందో తెలియదు గానీ, అలాంటి బ్యాంకులోనే వచ్చింది. వచ్చిన కొన్నేళ్ళకు బ్యాంకు ఫోనులోకి దిగిపోయింది. అత్త ఫోనులో యాప్ పెట్టడానికి ఒక ఆదివారం పాలెం వెళ్ళాను. వెళ్ళేసరికి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడికత్తా, పెళ్ళికా?" అన్నాను.

"బ్యాంకు మనింటికొస్తా ఉందంటివి కదమ్మే. పాత చీరతో ఉంటే ఏం బాగుంటాది?"

ఆ రోజు నవ్వాను. పని అయ్యాక ఆమె చీర మడత పెడుతూ, "ఇంక దీన్ని కట్టుకునేదానికి సాకు లేకుండా చేసినావు" అంది. అప్పుడు నవ్వలేకపోయాను. ఆ తర్వాత ఆ చీర కట్టుకోగా నేను చూడలేదు.

మార్కెట్ వరసకంతా స్కాన్ చేసే స్టిక్కర్లు ఇప్పించింది నేనే. చేపల నీళ్ళకు స్టిక్కరు రెండు రోజుల్లో ఊడిపోయేది. అత్త దాన్ని గొడుగు లోపలి వైపు, కొనేవాళ్ళ తలకు తగిలే ఎత్తులో అంటించింది. వరసంతా ఆమెను చూసి అలాగే అంటించుకుంది. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే పెట్టె వచ్చినప్పుడు మాత్రం గొడవైంది. ఒకరి సంపాదన పదమూడు మందికి వినపడుతుంటే ఎవరికి బాగుంటుంది? అత్త ఆ పెట్టెను తువాలులో చుట్టి తొడ కింద పెట్టుకునేది. "మనకు తెలిస్తే చాల్లే, ఊరికి చాటింపెందుకు" అని ఆమె వాదన. ఇక పక్కామె లేచి వెళ్ళినప్పుడు ఆమె చేపలు అమ్మాలి కదా, స్కాను మాత్రం ఆమె స్టిక్కరు మీదే జరగాలి. అందుకని ప్రతి ఒక్కరూ తన పక్కామె స్టిక్కరు ఇంకొకటి తన దగ్గర పెట్టుకున్నారు. అది నేను నేర్పింది కాదు. మా బ్యాంకు శిక్షణలో కూడా ఎవరూ చెప్పలేదు. వాళ్ళ పద్ధతి అప్పటికే అలా ఉంది, స్టిక్కరు వచ్చి అందులో చేరింది.

నేను నాణేలు కొంటున్న సంగతి ఇంట్లో చెబితే మా ఆయన ముఖం చిట్లించాడు. అత్తకు చెబితే ప్రశ్నలు అడిగింది. అవి ఏ బ్యాంకులో ఉంటాయి? ఏ బ్యాంకులోనూ ఉండవన్నాను. ఎవరి సంతకం ఉంటుంది? ఎవరిదీ ఉండదన్నాను. చూపించమంది. చూపించడానికేమీ లేదన్నాను. ఇక తిడుతుందనుకున్నాను.

"కనపడకపోతే లేనట్టా ఏంది? సముద్రంలో చేప కనపడతా ఉండాదా? ఉండాదనే కదా మీ నాయన పోతా ఉండింది" అంది. "సరే గాని, దాని తాళం ఎక్కడుండాది?"

తాళం అంటే పన్నెండు ఇంగ్లీషు మాటలని చెప్పాను. ఫోను పోయినా, పగిలినా ఆ పన్నెండూ వరసగా చెబితే నాణేలు మళ్ళీ తెరుచుకుంటాయి. ఒక్క మాట తప్పినా తెరుచుకోవు. పోగొట్టుకుంటే అడిగేదానికి మేనేజరు లేడు, అర్జీ పెట్టుకునేదానికి ఆఫీసు లేదు. అప్పుడే వానాకాలంలో మా ఇంట్లోకి నీళ్ళొచ్చి ఆ మాటలు రాసుకున్న కాగితం బీరువా అడుగున తడిసి ముద్దైపోయింది. అక్షరాలు కష్టం మీద చదవగలుగుతున్నాను. ఆ దిగులే అత్తకు చెప్పుకోవడానికి వెళ్ళాను.

"నువ్వు పోతే ఆ మాటలు ఎవురికి తెలుసు?" అని అడిగింది.

"ఎవరికీ తెలియకూడదత్తా. అదే దాని పద్ధతి."

"అదేం పద్ధతే. ఎవురికీ తెలవకుండా దాచింది నువ్వు పోయినాక ఎవురికి పనికొస్తాది? నాకు చెప్పు. కాయితం తడస్తాది, నా నోరు తడవదు."

అది శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజు. ఆ రోజు పడవల్ని సముద్రంలోకి పోనివ్వరు, చేపలుండవు, ఆమెకు పనుండదు. వాకిట్లో చాప మీద కూర్చుని పన్నెండు మాటలూ నేర్చుకుంది. "డాక్టరు, బట్టరు, టికెట్టు... ఇవన్నీ మనం రోజూ అనేవే గదమ్మే, ఇందులో దాపరికం ఏముండాది?" అని వెక్కిరించింది. పెలికన్ అంటే ఏమిటని అడిగి, గూడబాతని చెప్పగానే "నేలపట్టు చెరువుకి వస్తాయే, అదా" అని తృప్తి పడింది. మధ్యాహ్నం రాకెట్టు పైకి పోతుంటే ఇద్దరం లేచి చూశాం. చూస్తున్నంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. సాయంత్రానికి ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పింది. ఎవరికీ చెప్పొద్దని నేను ఒట్టు పెట్టించుకోబోతే అట్నే అనలేదు, కాదనీ అనలేదు. వక్క నోట్లో వేసుకుని లోపలికి పోయింది.

నేను తడిసిన కాగితం చించేశాను. కొత్తది ఇంకోచోట రాసి పెడదామని అనుకుంటూనే రెండేళ్ళు గడిపాను. రోజూ పదిమందికి జాగ్రత్తలు చెప్పేదాని నిర్వాకం ఇది. ఈ ఏడు నెల్లూరు బస్టాండులో నా ఫోను పోయింది. కొత్త ఫోను కొన్నాను. నాణేలుండే వాలెట్ యాప్ తెరవబోతే పన్నెండు ఖాళీ గళ్ళు వచ్చి కూర్చున్నాయి. నాకు నాలుగు మాటలు గుర్తున్నాయి, వాటి వరస గుర్తులేదు. మర్నాడు పొద్దున్నే మార్కెట్టుకు పరిగెత్తాను. మొదటి పీట ఖాళీగా ఉంది. ఆ తెల్లవారే ఒడ్డున పాటలో నిలబడి ఉండగానే అత్తకు పక్షవాతం వచ్చిందట. అప్పటికే నెల్లూరు తీసుకెళ్ళారు.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది. మాట పోయింది, కుడి చేయి పోయింది. మనుషుల్ని గుర్తుపట్టేది. రోజూ సాయంత్రం నేను మంచం పక్కన నిలబడేదాన్ని. సందర్శకులకు ఇచ్చేది పది నిమిషాలే, కూర్చుంటే ఏమంటారోనని నిలబడే ఉండేదాన్ని. ఆమె నన్ను చూడగానే ఎడమ చేత్తో మంచం అంచు మీద తట్టేది. మళ్ళీ తట్టేది. నీళ్ళు కావాలేమోనని దూదితో పెదవులు తడిపేదాన్ని. దుప్పటి సర్దేదాన్ని. ఒకసారి మాత్రం వంగి, "అత్తా, ఆ మాటలు..." అని మొదలుపెట్టి, నా గొంతు నాకే వినబుద్ధి కాక ఆపేశాను. ఆమె కళ్ళు నవ్వినట్టే ఉన్నాయి. మళ్ళీ మంచం అంచు మీద తట్టింది. నర్సు వచ్చి టైమైందంది.

పెద్దకర్మ రోజున పాలేనికి మార్కెట్ వరస మొత్తం కదిలి వచ్చింది. భోజనాలయ్యాక బూబమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఏంది పాపా, ఇన్ని రోజులైనా నీ మాటలు అడగలేదు?" అంది. నాకు అర్థం కాలేదు. ఆమె వెనక్కి తిరిగి, "రాండమ్మా, వరసలో నిలబడండి" అని పిలిచింది. వంటపాత్రలు కడుగుతున్నవాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు వచ్చి మార్కెట్లో ఎలా కూర్చుంటారో అలా మా పంచలో నిలబడ్డారు.

రెండో పీట ఆమె ముందు చెప్పింది. తర్వాత మూడో పీట. రొయ్యలామె, ఎండు చేపలామె, పొట్టి పెద్దమ్మ, ఒక్కొక్కరు ఒక్కొక్క మాట. అయిదో పీట ముసలామె పోయిన ఏడే చనిపోయింది. ఆమె చోట కూర్చుంటున్న కోడలు ముందుకొచ్చి, "మా అత్త పోయే ముందు చెప్పి పోయిందక్కా" అని తన మాట అప్పజెప్పింది. వరసలో ఇంకో ఇద్దరున్నారు గానీ వాళ్ళకు మాటలు లేవు. ఒకామెతో మా అత్తకు మాటల్లేవు, ఇంకొకామెకు చెబితే సాయంత్రానికి నెల్లూరు దాకా పోతుందని అత్త భయం. ఆ రెండో ఆమె అక్కడే నిలబడి, "నాకే చెప్పలేదు చూడు" అని మూతి తిప్పుకుంది. ప్రతి ఒక్కరికీ తన మాటతో పాటు పక్కామె మాట కూడా తెలుసట. ఒకామె లేచి వెళితే పక్కామె చేపలు అమ్మిపెట్టినట్టే. అత్తకు ఒక్కదానికే తెలుసని నేను అనుకున్న తాళం రెండేళ్ళుగా గూడూరు మార్కెట్లో పదకొండు మంది నోళ్ళలో ఉంది. వాళ్ళలో ఒక్కరికీ అది దేనికో తెలియదు. పాపది, జాగర్త అని మాత్రం చెప్పిందట.

నేను కాగితం మీద రాసుకుంటూనే ఏడ్చాను. పదకొండు మాటలొచ్చాయి. మొదటిది లేదు.

"మొదటిది మీ అత్త పీటది. నాకు చెప్పి పెట్టింది" అంది బూబమ్మ. "ఊరికే అడిగితే ఇప్పుడే చెప్పేసేదాన్నే పాపా. కానీ నా దగ్గర మాట తీసుకునింది. పీట మీద కూసున్నోళ్ళకే చెప్పమనింది."

అప్పుడు నాకు ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. తొమ్మిది రోజులు ఆమె తట్టింది కూర్చోమని. నేను తొమ్మిది రోజులూ నిలబడ్డాను.

ముందే చెప్పేస్తాను, వాలెట్ తెరుచుకుంది. మా అమ్మాయి ఫీజు కట్టాను, మిగిలింది వేరేచోటికి మార్చాను, కాబట్టి ఆ పాత మాటలు కొన్ని ఇక్కడ రాసినా ఫర్వాలేదు. ఎవరినీ నమ్మాల్సిన పని లేకుండా చేసిన డబ్బు అని ఆ నాణేల గురించి గొప్పగా చెబుతారు. నేను కూడా అలాగే చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. బ్యాంకులో ఎవరికైనా పిన్ పెట్టిస్తూ "ఎవరికీ చెప్పొద్దు" అంటూనే ఉన్నాను, అనాలి కూడా. కానీ ఆ మాట అనేటప్పుడు ప్రతిసారీ అత్త వక్క నోట్లో వేసుకుని లోపలికి పోవడం గుర్తొస్తుంది.

పెద్దకర్మ తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున మార్కెట్టుకు వెళ్ళాను. మొదటి పీట మీద ఆమె తట్ట బోర్లించే ఉంది. బూబమ్మ దాన్ని వెల్లకిలా తిప్పి నా ముందు పెట్టింది. నా దగ్గర అమ్మడానికి చేపల్లేవు. వరసలోంచి తలా ఒక కానాగంత చేప తెచ్చి తట్టలో వేశారు. అత్తతో మాటల్లేని ఆమె కూడా వేసింది. హ్యాండ్‌బ్యాగు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బూబమ్మ నిమ్మకాయల గోనె మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని కూర్చున్నాను. ఒక మూల అరిగిపోయిన పీట అది, ఆమె కూర్చున్న చోటు కొంచెం గుంట పడి ఉంది.

హెల్మెట్టు తీయకుండానే ఒకతను వచ్చి మొత్తం ఎంతన్నాడు. నేను బూబమ్మ వైపు చూశాను. ఆమె వేళ్ళు చూపించింది. నేను చెప్పాను. అతను బేరమాడాడు, నేను తగ్గించాను. ఎక్కువే తగ్గించానని వెనకనుంచి ఎవరో గొణిగారు. చేపలు కవర్లో వేసిచ్చాను. అతను వంగి, గొడుగు లోపల ఉన్న స్టిక్కరుకు ఫోను చూపించి, తర్వాత ఆ ఫోను నా వైపు తిప్పాడు. తెర మీద మా అత్త పేరు, ఇంటిపేరుతో సహా.

"పేరు ఇదేనా అమ్మా?"

ఖాతాదారు పోతే వెంటనే బ్యాంకుకు తెలియజేయాలని రోజూ చెప్పేది నేనే. నేను ఇంకా తెలియజేయలేదు.

"ఇదే" అన్నాను.

తువాలులో చుట్టి ఉన్న పెట్టె నా కాలి కింద సన్నగా పలికింది. అతను వెళ్ళిపోయాడు. బూబమ్మ నా చెవి దగ్గరికి వంగి ఆ ఒక్క మాట చెప్పి, ఒక నిమ్మకాయ కోసి సగం చెక్క పీట మీద పెట్టింది, చేతులు రుద్దుకోమని. నేను దాన్ని అందుకున్నాను గానీ రుద్దుకోలేదు. పీట మీద ఒక పక్కకు జరిగి, పక్కన ఇంకొకరికి చోటుంచి, కాసేపు అలాగే కూర్చున్నాను.